పూజగది తుపాకి

దివిటీకొండ దుర్గం చుట్టూ శత్రువుల గుడారాలు కనుచూపు మేర పరచుకొని ఉండగా, వారి ఫిరంగులు పొద్దు పొడిచినది మొదలు గోడలను బద్దలు కొడుతుండగా, ఉత్తర బురుజు మీద ముందు నిలిచి పోరాడుతున్న యువరాజు వీరనృపాలుడు వెన్నులో గుండు దిగి కూలిపోయాడు. గుండు కోటలోపలి నుంచే వచ్చింది. కాల్చిన తుపాకి పగిలి, వత్తిని పట్టి నిప్పు అందించే కొక్కెం, తుపాకి గుర్రం, ఊడి నెత్తుటి మెట్ల మీద దొరికింది.

కొడుకు శవం పక్కన కూర్చున్న రాణి కామసాని ఎదుట మంత్రి అన్నయ ఆ ముక్కను ఉంచాడు. ఎంత చక్కగా ఏడ్చాడో ఆ మహానుభావుడు!

"మహాదేవీ! ఇది మన సేనల దళవాయి సింగమనాయకుని కొలిమిలో మొన్న సాగగొట్టిన ఇనుము. ద్రోహి తల తీయించండి. కోట ద్వారాలు నాకు అప్పగించండి."

రాణి ఆజ్ఞతో సంకెళ్లు పడిన దళవాయి తలారి వైపైనా చూడలేదు. "తల్లీ, ఈ తల తమదే. ఆ ముక్కను ఒక్కసారి నా చేతికిప్పించండి."

ఇసుకతో మసి తోమాడు. ఇత్తడి బయటపడింది.

"మన గుర్రాలు ఇనుపవి, కాల్చేవాడి వైపుకే పడతాయి. ఇది, దీని వంపును బట్టి, ముందుకే పడుతుంది. పరంగి ఓడల పనితనం. తమ మామగారు రేవు యుద్ధంలో పట్టి తెచ్చి అమ్మవారికి సమర్పించిన తుపాకులకే ఇవి ఉన్నాయి. చీల కింద చూడండి, ఏటేటా దసరాకు అద్దిన కుంకుమ పొరలు కట్టింది. అమ్మవారి తుపాకిని నా బంటు ప్రాణం పోయినా పేల్చడు. ఆ పూజగది తాళంచెవి ఎవరి మొలలో ఉంది తల్లీ?"

పూజలోని దాన్ని ఎవరూ అనుమానించరనుకొన్నాడు అన్నయ. ఏళ్ల తరబడి మందు ఎరుగని గొట్టం పగిలి అతణ్ణి పట్టిచ్చింది.

అతడి చేయి మొల మీదికి పోవడం రాణి చూసింది. అంతలో కేకలు! అన్నయ మనుషులు ఉత్తరపు దిడ్డి తలుపు శత్రువులకు తీసేశారు.

"సంకెళ్లు తరువాత తల్లీ!" అంటూ సింగమనాయకుడు పరుగెత్తాడు. ఇరుకు దిడ్డిలో నిలిచి ఆ గొలుసుతోనే పుర్రెలు పగలగొట్టాడు, గొంతులు నులిమాడు. కడుపులో బల్లెం దిగినా దాని కర్ర పట్టుకొని తలుపుకు అడ్డంగానే పడ్డాడు.

రాణి తన కొడుకు కత్తితో అన్నయను నరికి తాళంచెవి లాక్కొన్నది. "అమ్మా, కోపమొస్తే నా మీదే చూపించు!" అని గది తెరిపించింది. అమ్మవారి తుపాకులు పేలాయి. కొన్ని పగిలి కాల్చినవారి చేతులే తీసుకుపోయాయి. మిగిలినవి దిడ్డిని శవాలతో పూడ్చేశాయి. తలుపు మూతపడింది, కోట నిలిచింది.

దళవాయి శవం మణికట్లు వాచి సంకెళ్లు రాలేదు. కమ్మరి ముందుకొస్తే రాణి వారించింది.

"వేయించింది నేను," అని ఏడుస్తూ తానే ఆకురాయితో వాటిని అరగదీసింది.

కొడుకు చితి పక్కనే మరో చితి పేర్పించింది. ఆ సంకెల తెగేదాకా దేనికీ నిప్పు పెట్టనివ్వలేదు.