ఎండముడి

గాజు కొలిమి ముందు ఫ్యాన్లు తీసేసి చాలా ఏళ్లయింది. నీళ్ల విరామం కూడా లేదు. అయినా పలకలు తిప్పుతున్న సారక్క ఒంటిమీద చెమట చుక్క లేదు. ఆ గోదావరి గట్టు కర్మాగారంలో చేరే ప్రతి మనిషికీ ముంజేతికి ‘ముడికంకణం’ తొడుగుతారు. అది రక్తంలోకి వదిలే మందు, డీఎన్ఏ పోగును కొన్నిచోట్ల నాలుగు పేటల ముడిగా మడిచేస్తుంది. ముడిపడినచోట జన్యువు మూగబోతుంది. అలా వేడిని పసిగట్టే జన్యువుల నోరు మూయించారు. కార్మికులు దాన్ని ఎండముడి అంటారు.

ఆ మధ్యాహ్నం బడినుంచి ఫోనొచ్చింది. కూతురు ఇందు ఫిట్సొచ్చి పడిపోయింది.

“జ్వరం నిన్నటినుంచే ఉన్నట్టుంది. ఒళ్లు పట్టి చూడలేదామ్మా?” అంది ఆసుపత్రిలో డాక్టరు.

“చూసిన మేడం. పొద్దున నొసటిమీద చెయ్యివెట్టే బడికి తోలిన. మామూలుగనే ఉండె.”

డాక్టరు ఆమె ముంజేతి కంకణం వైపు చూసింది.

పిల్ల కోలుకున్నాక సారక్క కంకణం తీసి సూపర్‌వైజర్ యాకూబ్ బల్లమీద పెట్టింది.

“సంతకం పెట్టినవ్ గదా సారక్కా! ముడి లేకుంటే కొలిమికాడ నిలవడలేవు.”

“కొలిమి వేడి తెల్వదన్నరు, పెట్టిన. నా బిడ్డ ఒళ్లు గూడ తెల్వదని ఎవలన్న చెప్పిన్రా సారూ?”

“పని పోతది.”

“నేనెక్కడికి వోను. ఫ్యాన్లు పెట్టుండ్రి, నీళ్లు పెట్టుండ్రి. చేస్త.”

నాలుగు రోజులకు మందు ప్రభావం దిగింది. కొలిమి సెగ మొహానికి కొట్టగానే కళ్లవెంట నీళ్లు కారాయి. తల తిరిగి, పని మధ్యలోనే కూలబడింది. “లే!” అని యాకూబ్ అరిచాడు. “కాలుతాంది సారూ. మనిషన్నంక కాలుతది,” అందామె, లేవకుండానే.

ఆ సాయంత్రం ఆమె గుమ్మం ముందు తల్లులు పిల్లలను ఎత్తుకుని నిలబడ్డారు. ఆ కార్మికుల కాలనీ మొత్తంలో వేడి తెలిసిన చెయ్యి ఆమెదొక్కటే. సారక్క ఒక్కో పసినుదురూ తాకి చూసింది. రాంబాయి కొడుకు దగ్గర ఆగింది.

“వీనికి కాలుతాంది. దవఖానకు తోల్కపో.”

రాంబాయి తన కొడుకు నుదుటిమీద అరచెయ్యి ఆనించి, ఎంతసేపు ఉంచినా ఏమీ తెలియక ఏడ్చేసింది.

“ఇయ్యాల నేను సూసిన. రోజూ సూడను,” అంది సారక్క గట్టిగా. “ఎవల చెయ్యి వాళ్లు తెచ్చుకోండ్రి.”

వారం తిరిగేసరికి కొలిమి ఆగింది. యాకూబ్ పరుగెత్తుకొచ్చి చూస్తే ఆడవాళ్లంతా కంకణాల్లేని ముంజేతులతో, చెమటతో తడిసి, ఎర్రబడ్డ మొహాలతో నేలమీద కూర్చుని, నీళ్లు తెమ్మని కేకలేస్తున్నారు.