యాభై దగ్గర గీత

"మీ సెక్షన్ పధ్నాలుగు మార్కులు పెరిగింది. కానీ అందులో చాలావరకు మీ గొప్ప కాదు అనిరుధ్ గారూ."

స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతున్న నాకు పొలమారింది. ఆ మాటన్నది స్నిగ్ధ. నాచారంలోని మా స్కూల్లో పదో తరగతి ఏ సెక్షన్‌కి లెక్కల టీచర్. జూన్ పరీక్షలో యాభై దాటినవాళ్ళంతా ఆమెకి, మిగిలినవాళ్ళు బి సెక్షన్‌లో నాకు. అది మా ప్రిన్సిపాల్ అచ్యుతరావు గారి పద్ధతి.

మొన్నటి హాఫ్ ఇయర్లీలో ఆమె సెక్షన్ సగటు డెబ్భై నాలుగు, నాది నలభై తొమ్మిది. "సోమవారం నుంచి బి సెక్షన్ కూడా స్నిగ్ధమ్మకే ఇచ్చేద్దాం, నువ్వు ఆరో తరగతి చూసుకో" అనేశారు ప్రిన్సిపాల్. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ పిల్లల్ని పబ్లిక్ పరీక్ష దాకా నేనే తీసుకెళ్ళాలని నా పంతం. అందుకే జూన్‌లో ముప్పై అయిదున్న నా సగటు ఎంత ఎగబాకిందో, ఆమెది నాలుగే ఎలా పెరిగిందో ఆయనకు చూపించడానికి పెద్ద చార్టు గీసుకున్నాను. ఆ చార్టు చూసే ఆమె అలా అంది.

"అంటే నాలుగు నెలలు నేను ఊకె కూసున్ననా మేడం?"

"అలా అనలేదు. జూన్‌లో జ్వరంతో రాసినవాళ్ళు, భయంతో రాసినవాళ్ళు మీ దగ్గర పడ్డారు. ఈసారి మామూలుగా రాస్తే చాలు, పెరుగుతారు. అదృష్టం కొద్దీ యాభై దాటినవాళ్ళు నా దగ్గర తగ్గుతారు. ఈ చార్టుతో నెగ్గితే అదేం నెగ్గడం?"

"ప్రిన్సిపాల్ సార్‌కి గివన్నీ ఏం దెలుసు మేడం. మీరు జర ఊకోండ్రి."

"తెలియదనే కదా నిజం చెప్పాలి."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇంత చక్కని మనిషికి ఆ ముక్కుసూటితనం ఎందుకిచ్చావయ్యా అని దేవుడితో దెబ్బలాడాను.

గురువారం సాయంత్రం వాన. ఉప్పల్ మెట్రో మెట్ల కింద నిలబడ్డాను. చున్నీతో ల్యాప్‌టాప్‌ని కప్పి, తను మాత్రం నిలువునా తడుస్తూ వచ్చింది స్నిగ్ధ.

"మీకోసమే వెతుకుతున్నాను. సరైన పోలిక దొరికింది."

"ఏంది మేడం అది?" అన్నాను ముభావంగా.

"జూన్‌లో నలభై ఆరు నుంచి యాభై దాకా వచ్చినవాళ్ళు మీ దగ్గర పదకొండు మంది. యాభై ఒకటి నుంచి యాభై అయిదు దాకా నా దగ్గర పన్నెండు మంది. ఒక్క లెక్క తప్పితే మీవైపు, ఒప్పైతే నావైపు. ఇంచుమించు ఒకలాంటి పిల్లలే. ఇప్పుడు మీవాళ్ళ సగటు అరవై ఒకటి, నావాళ్ళది యాభై అయిదు."

"గది గూడ ఊకెనే అట్ల పడ్డదేమో?"

"నాకూ అదే అనుమానం వచ్చింది. ఆ ఇరవై ముగ్గురి మార్కుల్నీ కంప్యూటర్‌లో చీటీల్లా కలిపి, పదకొండు ఒకవైపు, పన్నెండు ఒకవైపు వచ్చేలా వెయ్యిసార్లు పంచి చూశాను. ఊరికే పంచితే ఇంత తేడా ఆ వెయ్యిలో ఇరవైసార్లే వచ్చింది. ఈ ఆరు మార్కులు మీ పాఠానివే."

తన సెక్షన్ వెనకబడిందని తానే తేల్చుకుని, వానలో ఆ మాట చెప్పడానికి వచ్చింది. అంత నిజాయితీ నాకైతే చేతకాదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో అదంతా విడమరిచి చెప్పింది. అచ్యుతరావు గారు కళ్ళజోడు తీశారు.

"అమ్మా, ఆ వెనకబడ్డ పన్నెండు మంది మీ పిల్లలే కదా?"

"అవును సార్. అందుకే బి సెక్షన్ అనిరుధ్ గారి దగ్గరే ఉండాలి. నాకు ఖాళీ పీరియడ్ దొరికినప్పుడల్లా ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నేర్చుకుంటాను."

ఆయన టైంటేబుల్‌లో కొట్టేసిన నా పేరు మళ్ళీ రాశారు.

వరండాలో ఆమెను ఆపాను. "మీరు ఎనక కూసుంటే నాకు ఒక్క లెక్క గూడ రాదు మేడం."

"ఎందుకని?"

"మీరంటే నాకు మస్తు ఇష్టం. గందుకే."

"మా నాన్నగారు రైల్వేలో చేస్తారు. ఆదివారం మౌలాలిలో ఇంట్లోనే ఉంటారు. ఈ మాట ఆయన ముందు చెప్పగలరా?"

"చెప్త."

"అయితే పదింటికి రండి. నా మాట నేను ఆయనకు నిన్ననే చెప్పేశాను."