పగిలిన గుగ్గిళ్ళ తొట్టి

నల్లగుండ దుర్గమును చుట్టి శత్రువుల గుడారములు తెల్లగా మొలిచి ఉండగా, బురుజుల మీద నగారాలు మోగుచుండగా, ఆ ఉదయమున కోటలో అన్నిటికంటె గట్టిగా వినవచ్చినది గుర్రముల దగ్గు.

దళపతి కాటయ నాయకుడు లాయములో తన నల్లగుర్రము తుమ్మెద మెడపై చెయ్యి వేసి చూచెను. ఒళ్ళు పెనములా కాలుచున్నది. ముక్కు కారుచున్నది. ఉలవ గుగ్గిళ్ళను మూతితో తోసివేసినది. "ఏమే తల్లీ, నాతో అలకా?" అన్నాడు గాని, అది అలక కాదని ఆయనకు తెలియును.

సంధి పేరిట శత్రువు పంపిన కానుక గుర్రములు వచ్చిన నాడే దగ్గుచుండెను. వీటిని విడిగా కట్టండని తాను మొత్తుకున్నాడు. మంత్రి విద్దనామాత్యుడు వినలేదు. ఆ కోటలో రాణిగారి గుర్రమైనను, బంటు గుర్రమైనను ఒకే రాతితొట్టిలో గుగ్గిళ్ళు తినవలెను; అది రాణిగారి తాత పెట్టిన ఒట్టు. కొత్తవీ అందులోనే మూతి పెట్టినవి. సంధి విరిగినది, దగ్గు మిగిలినది.

సభలో రాణి మైలాంబ ఎదుట మంత్రి లేచెను. "దేవీ! నేడే రౌతులను కోట వెలుపలికి పంపి శత్రువును తరిమించుడు. నాయకునికి దగ్గు సాకు దొరికినది. పడిశము పట్టినది గుర్రానికా నాయకా, తమరి గుండెకా?"

సభ నవ్వినది. కాటయ ముఖము ఎర్రబడెను.

"అమ్మా! దగ్గే గుర్రమును దౌడు తీయించితే ఊపిరి అందక దారిలోనే కూలును. దానికి మందు విశ్రాంతే. గాలి ఆడే చోట విడివిడిగా కట్టి, దుమ్ము లేవకుండ గడ్డి తడిపి, గోరువెచ్చని నీరు పెట్టవలెను. దగ్గు మాని, మరి కొన్నాళ్ళు ఆగిన పిదపనే జీను. ముందుగా ఆ తొట్టి మాన్పించుడు."

"ఒట్టు తప్పుట రాజద్రోహము!" అనెను మంత్రి. తాతగారి ఒట్టు రాణి నోరు కట్టినది.

కాటయ తిన్నగా లాయమునకు పోయి, సమ్మెటతో ఆ తొట్టిని రెండు చెక్కలు చేసెను. వెనుకనే వచ్చిన రాణి పాదముల ముందు కత్తి పెట్టి, "ద్రోహము నాదే తల్లీ. శిక్షకు ముందు ఒక్క వరము. గుర్రములు కోలుకొనువరకు కోట వాకిలి కాచెదను, కాలినడకన" అనెను.

రాణి కన్నులు తుడుచుకొని తల యూచెను.

"గుర్రము దిగిన రౌతును మా ఆవిడ గడప తొక్కనీయదు నాయకా!" అన్నాడొక రౌతు.

"గెలిచి వెళ్ళరా, అరుగు మీదనైనా పడుకోనిచ్చును!" అన్నాడు కాటయ.

నవ్వుచునే అందరు జీనులు దించిరి.

ఇరుకు వాకిట వారు గోడవలె నిలిచిరి. శత్రువు వచ్చి పడుచునే ఉండెను, ఎందరో కూలిరి. లాయములో రాణియే తడిగడ్డి మోసినది. ఒక్కొక్క కొట్టములో దగ్గు ఆగినది. ఆగిన పిదప కూడ ఆమె తొందరపడనీయలేదు. కడకు రౌతులు జీనులు బిగించి దూకిన ఉదయమున శత్రు గుడారములు చెల్లాచెదరైనవి. ఆ దౌడు చూచుటకు కాటయ లేడు. ముందటి సాయంత్రమే బల్లెము తగిలి వాకిట ఒరిగినాడు.

"ఆయనను పిరికివాడన్నారు గదా అమాత్యా," అనెను రాణి. "ఆయన గుర్రమునకు ఈ పూట మీరు పెట్టుడు."

విద్దన విడిగా గుగ్గిళ్ళ గంప పట్టుకొని తుమ్మెద ముందు నిలిచెను. ఒళ్ళు చల్లబడినది, దగ్గు లేదు. అయినను అది గుగ్గిళ్ళను మూతితో తోసివేసి, వాకిలి వైపు చూచి సకిలించెను.