మేనత్త పోలిక

ఆదివారం పొద్దున్న లీలారాణి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. కూతురు శాంతి ఇస్త్రీ చీర కట్టుకుని, బైబిలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి తండ్రి కృపానిధి అడ్డం నిలబడ్డాడు.

“నువ్వీరోజు సర్చికి రావద్దు.”

“ఏటి నాన్నా? నా పెళ్ళి మూడో ప్రకటన ఈరోజే కదా.”

“అందుకే రావద్దంతన్నాను.”

నెల్లిమర్లలో వాళ్ళ చర్చి ఆనవాయితీ అది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు గారు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. ఇరవయ్యేళ్ళ కిందట కృపానిధి చెల్లెలు బేబీ మాత్రం చెప్పింది. తన పెళ్ళి మూడో ప్రకటన నాడు ఆడవాళ్ళ వరసలోంచి లేచి, “నాకే అభ్యంతరమండీ, ఈ పెళ్ళి నాకిష్టం లేదు” అంది. చర్చిలో సంఘ పెద్ద అయిన కృపానిధి ఇంటి పరువు కాస్తా గంగలో కలిసింది. బేబీ నర్సు చదివి కోటబొమ్మాళిలో ఒంటరిగా ఉండిపోయింది. అన్న ఆమెను మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

అప్పట్నించీ శాంతి అన్నం వద్దన్నా, సైకిలెక్కినా ఇంట్లో ఒకటే మాట, మేనత్త పోలికని. విశాఖలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే చదివి, కాలేజీ పిల్లలకి కౌన్సెలింగు చేస్తున్నా ఆ ముద్ర చెరగలేదు. ఊరివాళ్ళ మనసులు కుదుటపరిచే పిల్లకి సొంతింట్లో ఈ ఖర్మేమిటో మీరే చెప్పండి.

“నేనూ లేస్తానని భయమా?” అంది శాంతి.

“దాని రక్తమే కదే నీది. బుద్ధులు రక్తంలో వస్తాయి. నీ సదువులో అది సెప్పనేదా?”

శాంతి బైబిలు బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈరోజు అటో ఇటో తేలాల్సిందే.

“సెప్పేరు. వేరువేరు ఇళ్ళల్లో పెరిగిన కవల పిల్లల్ని కూడా పరీక్షించి సూసేరు. పుట్టుకతో వచ్చేది కొంత, బతుకు నేర్పేది కొంత. మనిషి గుణం తేల్చాలంటే ఒక్కరోజు సూసి తేల్చరు నాన్నా. ఇంట్లో ఎలాగుంటాది, పనిలో ఎలాగుంటాది, కష్టంలో ఎలాగుంటాదని పదేపదే సూస్తారు. ఆ మనిషినీ అడుగుతారు, ఎరిగినోళ్ళనీ అడుగుతారు. మీరు ఎరిగినోళ్ళే కదా. అత్త చిన్నప్పుడు ఎదురు సెప్పేదా?”

“నేదు. నోట్లో నాలిక నేని పిల్ల.”

“నాయనమ్మ మంచం పడితే ఎవరు సూసేరు?”

“బేబీయే.”

“అలాంటి మనిషి నిండు సంఘంలో ఎందుకు లేచింది?”

“పొగరు.”

“ఎదుటోడు పడితే కళ్ళు నెత్తికెక్కాయంటాం. మనం పడితే రాయి తగిలిందంటాం. అందరం చేసే తప్పే ఇది, మాకు మొదట్లోనే సెప్పేరు. ఆ పెళ్ళి వద్దని అత్త ముందు ఇంట్లో సెప్పిందా, లేదా?”

కృపానిధి తల దించుకున్నాడు.

“సెప్పింది. నా కాళ్ళు కూడా పట్టుకుంది. మాటిచ్చీసినాం, నోరు మూసుకోమన్నాను.”

“మరింక పోలికేటి నాన్నా? ఇంట్లో వినే దిక్కు లేక సర్చిలో సెప్పుకుంది.”

ఆ మాట సూటిగా తగిలింది. తగిలినందుకే ఆయనకి ఒళ్ళు మండింది.

“తండ్రికే బోధ సేస్తావేటే? గదిలో పెట్టి గడియేసీగల్ను.”

“వెయ్యండి. కిటికీలోంచి అరుస్తాను. వీధంతా వింటాది.”

లీలారాణి కత్తిపీట పక్కకి జరిపి లేచింది. పెళ్ళైనప్పట్నించీ మొగుడి మాటకి అడ్డం చెప్పని మనిషి.

“ఇంతకీ ఆ విజయనగరం అబ్బాయి దీనికి నచ్చేడో నేదో మనం అడిగేమా?”

ఎవరూ అడగలేదు. రాబర్టుది టీచరుద్యోగమన్నారు, కుటుంబం మంచిదన్నారు, మాటిచ్చేశారు. కృపానిధి భార్యనీ కూతుర్నీ మార్చిమార్చి చూశాడు. అప్పుడు చెల్లెల్ని అడక్కుండా మాటిచ్చినట్టే ఇప్పుడు కూతుర్నీ అడక్కుండా మాటిచ్చేశాడు. మంచంమీద కూలబడ్డాడు.

“రాబర్టంటే నీకిష్టమేనా అమ్మా?”

శాంతి లేచొచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

“ఇష్టమే నాన్నా. మీరు అడగలేదనే నా కోపం.” కళ్ళు తుడుచుకుంది. “అత్త నా పెళ్ళికి రావాలి. ముందు వరసలో కూర్చోవాలి. మీరే పిలవాలి. పిలవకపోతే నేను పాస్టరు గారి ముందు నిలబడను.”

బతిమాలలేదు, అలిగి మూల కూర్చోనూ లేదు. ఇంట్లో తెలియకుండా ఎన్నాళ్ళుగానో మాట్లాడుతున్న అత్త నంబరు కలిపి ఫోను తండ్రి చేతిలో పెట్టింది.

“ఏటే పిల్లా?” అంది అవతల బేబీ.

“బేబీ, నేను అన్నియ్యని.”

కృపానిధి తడబడుతూ శాంతి పెళ్ళని చెప్పాడు, నువ్వు రావాలని చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

“పిల్లకిష్టమేనా? అడిగేవా?” అంది.

“అడిగేను బేబీ. ఇప్పుడే అడిగేను. నిన్నూ అడగాల్సింది,” అంటూ ఆ సంఘ పెద్ద చంటిపిల్లాడిలా భోరుమన్నాడు.