నూరు శాతం చెప్పిన అమ్మాయి

“వచ్చే ఏడాదికి ధరలు ఎంత శాతం పెరుగుతాయనుకుంటున్నారండీ?”

“నన్నడుగుతారేంటి? పెంచేవాళ్ళని అడగండి.”

మెడలో టేపు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మాయితో నా తొలి సంభాషణ ఇంత మధురంగా మొదలైంది.

ధరల గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం మా సర్వే కంపెనీ పని. ఏమీ అనుకోని జనం చేత ఏదో ఒకటి అనిపించడం నా పని. పొద్దున్నే ఉల్లిపాయలు కొన్నవాళ్ళు ముప్పై అంటారు, జీతం పడ్డవాళ్ళు మూడంటారు. ఆ రెండింటికీ సగటు తీసి, కోట్లేసుకున్న పెద్దలు టీవీలో గంభీరంగా చదువుతారు.

“ఏదో ఒక అంకె చెప్పండి, ప్లీజ్.”

“నూరు.”

“అంటే, అన్నీ రెట్టింపవుతాయా?”

“అడిగారు, చెప్పాను. రాసుకోండి.”

రాసుకున్నాను. మా ఆఫీసులో ఒక రూలుంది. ఎవరైనా విడ్డూరమైన అంకె చెబితే మళ్ళీ ఆ ఇంటికెళ్ళి ఖాయం చేసుకుని రావాలి. వారం తిరక్కుండానే వెళ్ళాను.

“మీరు నూరన్నారని నన్ను మళ్ళీ తరిమారండీ.”

ఆ అమ్మాయి మిషన్ ఆపింది. “ఎక్కువ చెబితే మళ్ళీ వస్తారా?”

“రావాలి, రూలు.”

“అయితే నూట యాభై రాసుకోండి.”

నాకు ఒళ్ళు మండింది. ఎండలో తిప్పి తమాషా చూస్తోందనుకున్నాను. నాలాంటి మేధావికి అంతకంటే ఏం తడుతుంది? ఆ పై వారం రెండొందలంది. వాన వస్తోందని కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది, ఊడిన నా చొక్కా గుండీ కుట్టి పెట్టింది. అయినా నా బుర్రకి ఎక్కలేదు.

మా మేనేజరమ్మకి మాత్రం ఇంకోటి ఎక్కింది.

“టీకొట్టులో కూర్చుని అంకెలు నువ్వే రాసేస్తున్నావు కదూ? రేపు ఆ ఇంటికి నేనే వస్తా. తేడా వస్తే ఉద్యోగం మర్చిపో.”

మర్నాడు ఆవిడ సూటిగానే అడిగింది. “ఏమ్మా, ధరలు రెండొందల శాతం పెరుగుతాయని నిజంగా అనుకుంటున్నావా?”

పేపర్ చదువుతున్న వాళ్ళ నాన్న తలెత్తారు. ఆ అమ్మాయి పాలిపోయిన నా మొహం చూసింది.

“లేదు మేడమ్, ఆరో ఏడో పెరుగుతాయి. రోజూ బజారుకెళ్ళేదాన్ని, నాకు తెలీదా? ఆయన నేను చెప్పిందే రాశారు. తక్కువ చెబితే ఇక రారు కదా అని...”

తల దించేసుకుంది.

“అదా సంగతి! ఈమధ్య నాకూ సాయంత్రం టీ దొరుకుతోంది,” అన్నారు వాళ్ళ నాన్న.

మేనేజరమ్మ పెన్ను తీసింది. “సర్వే చేసేవాడి సొంతవాళ్ళ ఇల్లు లెక్కలోకి రాదు. ఏమయ్యా, ఈ ఇంటిని లిస్టులోంచి కొట్టెయ్యనా, ఉంచనా?”

వీధి వీధినా ‘మీరేమనుకుంటున్నారు’ అని అడిగే నన్ను, నేనేమనుకుంటున్నానో ఎవరైనా అడగడం అదే మొదలు.

“కొట్టెయ్యండి మేడమ్. నాకూ ఈ అమ్మాయంటే చాలా ఇష్టం.”

వాళ్ళ నాన్న పేపర్ మడిచి నన్ను కిందికీ పైకీ చూశారు.

“కూర్చో బాబూ. ఇంతకీ నీ జీతం ఏడాదికెంత శాతం పెరుగుతుంది?”

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి అడ్డొచ్చింది.

“నాన్నా, అడక్కు. ఆయన నిజం చెప్పేస్తారు.”