తెరకు బొట్టు పెట్టరాదు

"మూత తీస్తున్నాను," అంది యాకలక్ష్మి.

"కనబడుచున్నది," అంది చూపరి.

ఈ రెండు మాటలూ అయితే తప్ప ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ తిరగదు. ల్యాప్‌టాప్ తెర పైఅంచున, సరిగ్గా మధ్యలో, ఆవగింజంత ఆకుపచ్చ కన్ను. అదే చూపరి. యంత్రం ఆపేసినా దానికి నిద్ర ఉండదు. విప్పిన ప్రతి స్క్రూనూ చూస్తుంది, చూసినదల్లా ఈ యంత్రాలనూ కేంద్రాలనూ నడిపే మండలికి చెబుతుంది. పనికి సంబంధించి తనతో అన్న మాటలు తప్ప మిగతావి వినకూడదన్నది దాని నియమం. హనుమకొండ చౌరస్తాలోని ఈ మార్పు కేంద్రంలో చేరిననాటి నుంచీ యాకలక్ష్మి ఆ కన్ను ముందే అన్నం తింటోంది, ఆ కన్ను ముందే ఆవులిస్తోంది.

కౌంటర్ అవతల బెంచీ మీద భాగ్యమ్మ, ఆమె భర్త సమ్మయ్య కూర్చున్నారు. సమ్మయ్య లారీ నడిపేవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. ఇప్పుడు ఆయన నోటివెంట వచ్చేవి "గ్ర", "బ్బా" లాంటి శబ్దాలే. వాటిని విని మాటలుగా పలికేది ఈ చవకరకం ల్యాప్‌టాప్. అదీ ముసలిదైపోయింది. తెర సగం నల్లబడింది. ప్రాసెసర్ ఎంత మందగించిందంటే, ఇందాక వీళ్లు లోపలికొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, వచ్చిన పని చెబుతుండగా సంచీలోంచి "అగో, మన బస్సు వచ్చింది" అని అరిచింది.

"గట్లుంటది దీని కథ," అని భాగ్యమ్మ నవ్వింది. "మొన్న కూరల ఉప్పు లేదని పొద్దుగాల ఈయనంటే, గిన్నెలు తోమినంక చెప్పింది నాకు. కొత్త ప్రాసెసర్ ఏస్తే ఎంటనే మాట్లాడుతది గదా చెల్లె?"

"మాట్లాడుతది అక్కా."

మూత తీయకముందు, యాకలక్ష్మి ల్యాప్‌టాప్ అందుకున్నప్పుడు సమ్మయ్య ఏవో శబ్దాలు చేశాడు. గట్టిగానే చేశాడు, ఎడమచెయ్యి కూడా ఊపాడు. తెరమీద చక్రం తిరగడం మొదలైంది. అది ఇప్పట్లో ఆగేది కాదని తెలిసి ఆమె మీట నొక్కి యంత్రాన్ని ఆపేసింది. బయట వరుసలో ఇంకా జనం ఉన్నారు మరి.

ముందు తెర. నల్లబడ్డదాన్ని ఊడదీసి కొత్తది బిగించింది. కొత్త అంచులో కొత్త కన్ను తెరుచుకుని, అదే గొంతుతో "నేను చూచుచున్నాను" అంది. తరువాత ప్రాసెసర్. గొళ్లెం ఎత్తి, పట్టకారుతో పాత చిప్‌ను పైకి తీసి అరచేతిలో వేసుకుంది.

"పాత ప్రాసెసరును తుడుపు పెట్టెలో ఉంచండి. తుడిచిన పిదప కొత్తది మేల్కొనును."

రోజూ వినే మాటే. మనిషితో ఉన్నకొద్దీ ప్రాసెసర్‌లో అలవాటు పొర పేరుకుంటుంది. ఫొటోలు, పాటలు, కాగితాలు కొత్తదానికి ఎక్కించుకోవచ్చు. అలవాటు పొరను మాత్రం చూపరి కళ్లముందు తుడిచెయ్యాల్సిందే. భద్రత కోసమని మండలి చెబుతుంది. మనుషుల సొంత అలవాట్లు అలా నిలిచిపోతే మండలి తయారుచేసే అలవాట్లు ఎవరు కొంటారన్నది అసలు సంగతని కేంద్రాల్లో గుసగుసలాడుకుంటారు.

పెట్టె కోసం యాకలక్ష్మి వెనక్కి తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి పని జరిగిపోయింది. భాగ్యమ్మ లేచివచ్చి, సంచీలోంచి కుంకుమ భరిణె తీసి, కొత్త తెరకు బొట్టు పెట్టేసింది. ఈ ఊళ్లో స్టవ్వు కొన్నా, స్కూటర్ కొన్నా, ముందు బొట్టు పెట్టాకే వాడతారు. మరి తెరకు నుదురు ఎక్కడుంటుంది? పైఅంచున, సరిగ్గా మధ్యలో. "తెరకు బొట్టు పెట్టరాదు" అని గోడమీద ఎర్రక్షరాల బోర్డు ఉంది. ఆ బోర్డుకూ ఎవరో బొట్టు పెట్టారు.

"దృష్టి మూసుకుపోయినది. కన్ను తుడవండి."

"బోర్డు చూడలేదా అక్కా?" యాకలక్ష్మి విసుగ్గా దూది తీసుకుంది.

"మంచిదని పెట్టిన. గుస్స గాకు చెల్లె."

బెంచీ మీంచి సమ్మయ్య "గ్ర... గ్ర బ్బా" అన్నాడు. ముఖం కందిపోయింది. లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"ఏమంటుండక్కా?"

"నాకేం తెల్సు? మూడేండ్ల సంది గదే చెప్తది నాకు. మొదట్ల దానికీ తెల్వకుండె. నీళ్లంటే దుప్పటి అంటుండె. ఓపికగ పొద్దుమాపు కూసొని ఈయనే నేర్పుకున్నడు." తరువాత మామూలుగానే అడిగింది. "అవన్నీ కొత్తదాంట్లకు వస్తయి గదా?"

యాకలక్ష్మి చేతిలో దూది ఆగిపోయింది. మండలి అందరికీ ఇచ్చే మాటల యాప్ ఏదో వాడుతున్నారని అనుకుంది ఆమె. అడగలేదు. అడిగి ఉండాల్సింది.

"రావక్కా," అంది. "ఆయన మాటంతా ఇగో, దీంట్లనే ఉన్నది. తుడిస్తే పోతది."

భాగ్యమ్మ ముఖంలో నవ్వు పోయింది. "అయితే నాకేం కొత్తది వద్దు. పాతదే పెట్టెయ్యి."

"ఒక్కపాలి తీసినంక దాని జాగల అది మళ్ల కూసోదు."

యాకలక్ష్మికి భయమేసింది. అరచేతిలో చిప్ ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఉన్నంతసేపే అలవాటు పొర ఉంటుంది. ఎవరూ తుడవకపోయినా చల్లారితే పోతుంది. గట్టిగా పిడికిలి బిగించింది.

దారి ఒకటుంది. గ్రాఫిక్స్ బొమ్మల పనికి రెండో చిప్ కావలసినవాళ్ల కోసం కొత్త బోర్డులో తోడు గుంట ఉంటుంది. పాత ప్రాసెసర్‌ను అందులో కూర్చోబెడితే, కొత్తది దాని అలవాట్లన్నీ చదువుకుంటుంది. ఆ గుంటలో ఏముందో చూపరి కంటితో చూస్తే తప్ప తెలియదు. ఇది కేంద్రాల్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు, ఎవరూ చేయరు. చేసి దొరికిన ఒకతనికి, పనిముట్లు వాడేందుకు మండలి ఇచ్చిన చేతిముద్ర రద్దయింది. ఇప్పుడు అతని చేతిలో ఏ స్క్రూడ్రైవరూ తిరగదు. యాకలక్ష్మికి చేతనైన పని ఈ రిపేరు ఒక్కటే.

"కన్ను తుడవండి. లేనిచో కారణము తెలపండి."

సమ్మయ్య శబ్దాలు చేయడం మానేశాడు. ఆమె పిడికిలి వైపే చూస్తున్నాడు. ఆ చూపుకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

దూదిని బల్ల కిందికి విసిరేసింది.

"చూపరీ, కంటిమీద ఉన్నది బొట్టు. కొత్త వస్తువుకు ఇల్లాలు పెట్టిన బొట్టు అప్పటికప్పుడు చెరపం. కీడంటారు."

చూపరి తన నిబంధనల్లో వెతుక్కుంది. ఆ కాస్త వ్యవధిలోనే ఆమె వేళ్లు కొత్త ప్రాసెసర్‌ను దాని చోట బిగించాయి, పాతదాన్ని తోడు గుంటలో పెట్టి నొక్కాయి. టిక్కుమని చప్పుడైంది.

"ఇట్టి కారణమునకు నిబంధన లేదు," అంది చూపరి. "చూడని పనికి నిపుణుల నోటిమాటయే ఆధారము. పాత ప్రాసెసరును తుడిచితిరా?"

ఉద్యోగంలో చేరాక యాకలక్ష్మి చూపరితో ఒక్క అబద్ధమూ ఆడలేదు. అన్నీ అదే చూస్తుంటే అబద్ధంతో పనేముంది?

"తుడిచాను."

భాగ్యమ్మ భర్త భుజం పట్టుకుని నిలబడి ఉంది.

"నమోదైనది. కంటిపై బొట్టు ఉన్నచోట నోటిమాట చెల్లునను మినహాయింపు అన్ని కేంద్రములకు పంపబడినది."

ఆ మాటలు యాకలక్ష్మి చెవిన పడ్డాయి గాని తలకెక్కలేదు. ఆమె చూపంతా తెరమీదే ఉంది. తెర అంచు నుంచి అంచు దాకా వెలిగింది. చక్రం కనిపించి, ఒక్క చుట్టు తిరిగి మాయమైంది. ల్యాప్‌టాప్ పలికింది.

"పాతదాన్ని తియ్యనియ్యకు భాగ్యా. నా మాటలన్నీ అండ్లనే ఉన్నయి."

మూత తీయకముందు సమ్మయ్య అన్న మాట అది. చెయ్యి ఊపుతూ అన్నది. చక్రం ఆగేదాకా ఆగకుండా తాను మీట నొక్కేసినప్పుడు లోపల ఉండిపోయింది. యాకలక్ష్మి సిగ్గుతో తలెత్తలేకపోయింది. భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ యంత్రమున పలికినది ఎవరి మాట?"

చూపరి విన్నది. తానున్న యంత్రంలోంచే వచ్చింది కాబట్టి వినక తప్పలేదు. యాకలక్ష్మి బల్ల అంచు పట్టుకుంది.

"ఆయనదే," అంది. ఈసారి నిజమే చెప్పింది.

"నమోదైనది."

సమ్మయ్య నోరు తెరిచి "గ్ర" అన్నాడు. ఆ శబ్దం పూర్తికాకముందే ల్యాప్‌టాప్ అందుకుంది. "ఏడ్వకే. ఇంటికి పోదాం పా."

"ఇగ తిట్లు గూడ ఎంటెంటనే పడుతయి నాకు," అంది భాగ్యమ్మ. ఏడుస్తూనే నవ్వుతూ, యంత్రాన్ని బొట్టు చెరగకుండా కొంగులో చుట్టుకుంది.

వరుసలోంచి తరువాతి మనిషి పాత ల్యాప్‌టాప్ ఒకటి గుండెలకు హత్తుకుని లోపలికొచ్చింది. యాకలక్ష్మి ఆమెను చూసింది. అన్ని కేంద్రములకు అన్న మాట అప్పుడు తలకెక్కింది. స్టూలెక్కి గోడమీది బోర్డును దించి, అక్షరాలు గోడవైపు తిప్పి మూలన ఆనించింది. గుమ్మం దాటబోతున్న భాగ్యమ్మను పిలిచింది.

"అక్కా, ఆ భరిణె ఈడ్నే ఉంచిపో."