ఉప్పు గోదాంలో మూలుగు

మల్కాపురంలో లారీల రోడ్డు వెనక పాత ఉప్పు గోదాం ఒకటుంది. పైకప్పు సగం ఎగిరిపోయింది. తలుపుల్ని ఎవరో ఏనాడో పొయ్యిలో పెట్టుకున్నారు. అక్కడి కాపలావాడు ఉరేసుకున్నాడని కొందరంటారు, కాదు బస్తాలు మీదపడి నలిగిపోయాడని కొందరు. ఎలా పోయాడో ఎవరికీ తెలీదు గానీ, పోయినవాడు ఇంకా పోలేదని మాత్రం వీధంతటికీ తెలుసు.

ఈమధ్య వాడు మూలగడం మొదలెట్టాడు.

ఊఁ... అని ఒకటే మూలుగు, తెల్లవార్లూ. విన్నవాళ్లు జ్వరాలు తెచ్చుకున్నారు. గోదాం పక్కనున్న అడ్డదారి మానేసి, లారీల దుమ్ములోంచి చుట్టూ తిరిగి ఇళ్లకి చేరుతున్నారు. దెయ్యానికి జడిసి దుమ్ము తినే జనం!

బట్టలు కుట్టి బతికే నర్గీస్ కూడా ఆ దారి మానేసింది. తన కోసం కాదు, కూతురు సమీనా కోసం. పసిదానికి దుమ్ము పడదు. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయంటే ఆ రాత్రి తల్లీబిడ్డలకి నిద్రుండదు. రోడ్డుని ఆరు వరసలు చేస్తామని ఆఫీసర్లు కొలతలకి వచ్చినప్పుడు నర్గీసే ముందుకెళ్లి అడిగింది - మా ఇళ్లకీ రోడ్డుకీ మధ్య గోడ కట్టండి, చెట్లు నాటండి అని.

"గాలి పరీక్ష చేయిస్తున్నామమ్మా. దుమ్ము ఎక్కువని తేలితే అన్నీ పెడతాం," అన్నారు పెద్దమనుషులు. ఆ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో చూసిన పాపాన పోయినవాళ్లు వీధిలో ఒక్కరూ లేరు.

ఒకరాత్రి తల్లీబిడ్డలు ఆస్పత్రి నుంచి ఆటోలో తిరిగొస్తున్నారు. సమీనా తల్లి భుజమ్మీద నిద్రపోతోంది. పోర్టు లారీలు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి. నర్గీస్‌ని అక్కలా చూసే ఆటో అల్తాఫ్ అడ్డదారి మొదట్లోనే ఇంజను ఆపేశాడు.

"దిగిపో ఆపా. నానటు రాను."

"మీసాలు మాత్రం బాగా పెంచినావు."

"దెయ్యం మీసాలు సూడదు ఆపా... మనిషినే సూత్తాది."

లారీల పొగకి పిల్ల నిద్రలోనే దగ్గింది. ఇంకంతే - నర్గీస్ దిగి నడిచింది.

చీకటి. చెప్పుల కింద ఇసక. ముందు సన్నగా వినిపించింది... ఊఁ... అడుగు పడేకొద్దీ పెద్దదైంది. గోదాం గోడ పక్కకి వచ్చేసరికి ఆ మూలుగు అరికాళ్లలోకి పాకింది.

తలుపు లేని గుమ్మంలోంచి చూసింది.

మనిషంత ఎత్తు. సన్నటి కాళ్లు. నెత్తిన రేకుటోపీ. పొట్టమీద ఎర్రగా ఒకటే కన్ను... వెలుగుతోంది.

నర్గీస్ పిల్లని గట్టిగా పట్టుకుంది. పారిపోదామంటే కాళ్లు రాలేదు. కాళ్లు రాకపోయేసరికి కోపమొచ్చింది.

"ఎవడ్రా నువ్వు?" అంది గుసగుసగా. "పిల్లనెత్తుకొచ్చిన ఆడదాన్ని జడిపించడానికి సిగ్గు నేదేటి? సచ్చినాకైనా బుద్ధి రావద్దా?"

దాని కాళ్ల దగ్గర ఒక నల్లటి మూట కదిలింది. లేచింది... చేతులు జోడించింది.

"అమ్మోరు తల్లీ... నన్నేటీ సెయ్యకు!"

దుప్పటి ముసుగులోంచి ముసలి మొహం బయటపడింది. నీలకంఠం. పల్లెనుంచి రాత్రి కాపలాకి కొత్తగా వచ్చిన మనిషి. జుట్టు విరబోసుకుని, భుజాన బిడ్డతో గుమ్మంలో నిలబడి తిడుతున్న నర్గీసే అతనికి దెయ్యమైంది!

"మనిషినే బాబాయ్. ఇదేటి?"

"గాలి మిషనమ్మా. రోడ్డు పెద్దది సేత్తన్నారు కదా, దుమ్ము కొలుత్తాది. గాలి పీలిత్తే లోపల తెల్లకాయితం మీద దుమ్ము పడతాది."

"రోడ్డు అక్కడుంటే మిషన్ ఇక్కడేటి?"

నీలకంఠం గొంతు తగ్గించాడు. "రోడ్డు పక్కనెడితే కాయితం నల్లగా వత్తాదంట. ఇక్కడ గోడల సాటున, సముద్రం గాలికి తెల్లగా వత్తాది. దెయ్యం పేరున్న సోటు కదా... ఎవులూ రారు, అడగరు అన్నారు సారు."

నర్గీస్ మిషన్ దగ్గరికి నడిచింది. భుజమ్మీద పిల్ల ఛాతీలో సుయ్... సుయ్... ఎదురుగా మిషన్ ఊఁ... రెండూ గాలే పీలుస్తున్నాయి. మంచి గాలి మిషన్‌కి దొరికింది.

"వైరు పీకు," అంది.

"నా ఉజ్జోగం పోద్ది తల్లీ!"

"దెయ్యం ఎత్తుకుపోయిందని సెప్పు. నమ్మకపోతే నన్ను సూపించు."

నర్గీస్ వేసిన కేకకి అల్తాఫ్ కళ్లు సగం మూసుకునే వచ్చాడు. మగాళ్లిద్దరూ మిషన్ని మోసుకెళ్లి ఆటోలో ఎక్కించారు. లారీలు కదిలాక దాన్ని నర్గీస్ గుమ్మంలో, రోడ్డుకి ఎదురుగా నిలబెట్టారు. నీలకంఠం చేతే కొత్త తెల్లకాయితం పెట్టించింది. కుట్టుమిషన్ ప్లగ్గు తీసి దీని ప్లగ్గు పెట్టింది.

తెల్లవార్లూ దెయ్యం వీధిలో మూలిగింది. ముందు జనం తలుపులేసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు, చూశారు, విషయం విన్నారు. తెల్లారేసరికి ఎవరి మొహంలోనూ భయం లేదు. ఉన్నది వేరే.

పొద్దున ఆ గాలి పరీక్ష సారు వచ్చాడు. మూత తీశాడు. కాయితం పెనం అడుగులా ఉంది.

"ఇది చెల్లదమ్మా. లొకేషన్ తప్పు."

"మేం కాపరముంటన్న సోటే తప్పా బాబూ?" అంది నర్గీస్. " అలాగైతే తప్పు సోట్లో రోడ్డెందుకేత్తన్నారు?"

జనం గొల్లుమన్నారు. సారు మొహం ఎర్రబడింది. మిషన్ గోదాంకి తెమ్మని నీలకంఠంతో చెప్పి, విసవిసా ముందు నడిచాడు. నీలకంఠం కదలబోతే ఆడవాళ్లు అడ్డంగా కూర్చున్నారు.

కాసేపటికి సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక కాలికి బూటు లేదు.

"మిషన్ ఇక్కడే... ఇక్కడే ఉండనీండి. ఈ కాయితమే పంపిస్తాను," అన్నాడు. గోదాం వైపు మాత్రం తల తిప్పలేదు. "అక్కడ... ఇంకా మూలుగుతోంది..."

అతను కారెక్కి పోయాక నర్గీస్ నవ్వాపుకుంటూ అల్తాఫ్ వైపు తిరిగింది. "బాగా మూలిగినావురా. మీసాలకి న్యాయం సేసినావు."

టీ గ్లాసు అల్తాఫ్ పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నానా? ఆపా... నాను నీ గుమ్మం దాటనేదు."

నీలకంఠం ఇక్కడే ఉన్నాడు. వీధి వీధంతా ఇక్కడే ఉంది.

నర్గీస్ ఒక్క క్షణం గోదాం వైపు చూసింది. తర్వాత పీటేసుకుని, సమీనాని ఒళ్లో పెట్టుకుని, మిషన్‌కి కాపలా కూర్చుంది.

"ఎవులైతే ఏటిరా," అంది. "మన వీధోడే."